స్టూడెంట్ రెసిడెన్స్ పర్మిట్: చిక్కంతా తేదీల దగ్గరే

యూరప్‌లో చదువుకి అడ్మిషన్ రాగానే చాలామంది చేసే మొదటి పని, కావాల్సిన కాగితాల లిస్టు ఒకటి సంపాదించి ఒక్కోదానికీ టిక్కు పెట్టుకుంటూ పోవడం. లిస్టు నిండితే ఇక పనైపోయిందనుకుంటారు. కానీ కాగితం అసలు లేకపోవడం వల్ల వచ్చే తంటా ఒక రకం, అది ఎలాగోలా తెలిసిపోతుంది, ఎంబసీ వాళ్లే అడుగుతారు. కాగితం ఉండి కూడా దాని మీద ఉన్న తేదీ పక్క కాగితం తేదీతో కలవకపోవడం ఇంకో రకం, ఇది ఎవరికీ ముందుగా కనపడదు. ఇన్సూరెన్స్ అక్టోబర్ 1 నుంచి మొదలవుతుంది కానీ టికెట్ సెప్టెంబర్ 20కి ఉంటుంది, కోర్సు రెండేళ్లు కానీ పాస్‌పోర్ట్ పద్నాలుగు నెలల్లో అయిపోతుంది, అడ్మిషన్ లెటర్‌లో ఎన్‌రోల్‌మెంట్‌కి చివరి తేదీ వీసా అపాయింట్‌మెంట్ కన్నా ముందే ఉంటుంది. విడివిడిగా చూస్తే ఏ కాగితంలోనూ తప్పు లేదు, కలిపి చూస్తేనే దొరుకుతుంది, ఆఫీసర్ చేసే పని సరిగ్గా అదే.

ముందు వీసా ఏది పర్మిట్ ఏది అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే సగం గందరగోళం ఇక్కడే ఉంది. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి పనిచేసే షెంగెన్ టూరిస్ట్ వీసా మీద ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకి మించి ఉండటానికి లేదు, కాబట్టి డిగ్రీ చదువుకి అది పనికిరాదు. అంతకన్నా ఎక్కువ ఉండాలంటే ఆ దేశం తన చట్టం కింద ఇచ్చే లాంగ్ స్టే వీసా గానీ, రెసిడెన్స్ పర్మిట్ గానీ, రెండూ గానీ కావాలి. ఇందులో దేశాలు నాలుగు దారుల్లో వెళ్తాయి. ఫిన్లండ్, స్వీడన్, డెన్మార్క్ లాంటివి పర్మిట్ నిర్ణయమే ముందు ఇచ్చేస్తాయి, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో అప్లై చేసి, వేలిముద్రలు ఎంబసీలోనో అప్లికేషన్ సెంటర్‌లోనో ఇచ్చి, నిర్ణయం వచ్చాకే బయల్దేరాలి. జర్మనీ, ఇటలీ, స్పెయిన్ రెండు మెట్లు పెడతాయి, ముందు లోపలికి రావడానికి నేషనల్ వీసా (పైన చెప్పిన లాంగ్ స్టే వీసానే), వచ్చాక అక్కడి ఆఫీసులో పర్మిట్ కార్డు. ఫ్రాన్స్‌ది మధ్యస్థం, వాళ్లిచ్చే స్టూడెంట్ లాంగ్ స్టే వీసానే మొదటి ఏడాదికి పర్మిట్‌గా పనిచేస్తుంది కానీ దిగిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో దాన్ని వాలిడేట్ చేసుకోవాలి, చేసుకోకపోతే చేతిలో వీసా స్టిక్కర్ ఉన్నా లెక్కప్రకారం ఉండే హక్కు పోయినట్టే. నెదర్లాండ్స్ వీటన్నిటికీ భిన్నం, అక్కడ స్టూడెంట్ నేరుగా అప్లై చెయ్యడానికే లేదు, ఇమిగ్రేషన్ ఆఫీస్ గుర్తింపు ఉన్న యూనివర్సిటీయే స్టూడెంట్ తరఫున అప్లై చేస్తుంది, కాబట్టి అక్కడ ఎంబసీ తేదీల కన్నా యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీస్ పెట్టే గడువు ముఖ్యం.

ఎవరిది ఏ దారో తెలియకుండా ఇంకో దేశం వెళ్లిన ఫ్రెండ్ చెప్పింది విని ప్లాన్ చేసుకుంటే దెబ్బ పడేది ఇక్కడే. జర్మనీ వెళ్లినవాళ్లు పర్మిట్ అక్కడికెళ్లాక చూసుకోవచ్చు అంటారు, వాళ్ల వరకు అది నిజమే. స్వీడన్ వెళ్లేవాళ్లు ఆ మాట నమ్ముకుంటే మాత్రం ఫ్లైటే ఎక్కలేరు.

ఈ తేడాలన్నిటి కింద ఒక ఉమ్మడి చట్టం ఉంది, దాని గురించి అప్లై చేసేవాళ్లు పెద్దగా మాట్లాడుకోరు గానీ తెలుసుకుంటే పనికొస్తుంది. యూరోపియన్ యూనియన్ 2016లో తెచ్చిన 2016/801 నంబర్ డైరెక్టివ్ అది, దేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి 2018 మే 23 దాకా గడువిచ్చారు, డెన్మార్క్, ఐర్లండ్ మాత్రం ఇందులో లేవు. స్టూడెంట్ పర్మిట్ మీద నిర్ణయం వీలైనంత తొందరగా, ఎంత ఆలస్యమైనా 90 రోజుల్లోపు ఇవ్వాలని ఇందులో ఉంది, గుర్తింపు పొందిన యూనివర్సిటీల ద్వారా వెళ్లే పద్ధతి ఉన్న చోట 60 రోజులు. వినడానికి బావుంది. కానీ ఆ 90 రోజులు లెక్క మొదలయ్యేది పూర్తి అప్లికేషన్ అందిన రోజు నుంచి. ఏదైనా తక్కువైతే ఆఫీస్ వాళ్లు ఫలానాది కావాలి అని చెప్పి గడువు పెడతారు, అది అందేదాకా గడియారం ఆగిపోతుంది. అంటే ఏప్రిల్‌లో అప్లై చేశాం కాబట్టి జులైకల్లా వచ్చేస్తుంది అనుకోవడం తప్పు, మే నెలలో అడిగిన కాగితం జూన్ చివర్లో పంపితే ఆ మధ్య రోజులన్నీ లెక్కలోంచి పోయినట్టే. ఇంకా చాలాచోట్ల వేలిముద్రలు ఇచ్చేదాకా, ఫీజు కట్టేదాకా అప్లికేషన్‌ని ముందుకే తీసుకెళ్లరు. డెన్మార్క్‌లో అయితే అప్లికేషన్ పెట్టిన 14 రోజుల్లోపు బయోమెట్రిక్స్ ఇవ్వాలి, లేకపోతే కేసు పక్కన పెట్టేసే అవకాశం ఉంది. సగం కాగితాలతో ముందుగా అప్లై చేసి క్యూలో చోటు పట్టుకుందాం అనే తెలివి ఇక్కడ పెద్దగా పనిచెయ్యదు.

కాబట్టి లెక్క వెనక నుంచి వేసుకోవాలి, పెళ్లి ముహూర్తం పెట్టుకుని మిగతా పనులన్నిటికీ వెనక్కి రోజులు లెక్కేసుకున్నట్టు. క్లాసులు మొదలయ్యే రోజు కాదు, యూనివర్సిటీ ఎన్‌రోల్‌మెంట్ ముగిసే రోజు అసలు గడువు, దాన్నుంచి వెనక్కి నిర్ణయానికి పట్టే మూడు నెలలు, దాని ముందు అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూసే రోజులు, ఇవి దేశాన్ని బట్టి సీజన్‌ని బట్టి వారాలూ కావచ్చు నెలలూ కావచ్చు, దాని ముందు డబ్బు సర్దుబాటు, దాని ముందు సర్టిఫికెట్ల వెరిఫికేషన్. ఇలా వేసుకుంటూ పోతే చాలాసార్లు అడ్మిషన్ లెటర్ రాకముందే మొదలుపెట్టాల్సిన పనులు బయటపడతాయి. ఉదాహరణకి ఇండియా నుంచి జర్మనీకి చదువుకి వెళ్లేవాళ్లకి 2022 నవంబర్ 1 నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే చదువు కాగితాలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చేది, తప్పనిసరి చేశారు, కొన్ని మినహాయింపులు పక్కనబెడితే అది లేకుండా వీసా అప్లికేషనే తీసుకోరు, చైనా, వియత్నాం వాళ్లకి ఇలాంటిది అంతకుముందు నుంచే ఉంది. దీనికి అడ్మిషన్‌తో సంబంధం లేదు, డిగ్రీ కాగితాలు చేతిలో ఉన్న రోజే అప్లై చేసుకోవచ్చు. అడ్మిషన్ వచ్చాక చూద్దాంలే అని ఆగినవాళ్లు ఆ సెమిస్టర్‌ని దాదాపు వదులుకున్నట్టే.

అడ్మిషన్ లెటర్ కూడా అన్నీ ఒకటి కాదు. ఫైనల్ మార్క్స్ రావాలి, లాంగ్వేజ్ టెస్ట్ పాసవ్వాలి, ఫీజు కట్టాలి లాంటి షరతులున్న లెటర్‌తో కొన్ని దేశాలు అప్లై చెయ్యనిస్తాయి, కొన్ని చెయ్యనివ్వవు. స్వీడన్‌లో ఫీజు కట్టాల్సిన స్టూడెంట్ అయితే మొదటి ఇన్‌స్టాల్‌మెంట్ కట్టి ఉండాలి, అప్పటిదాకా అడ్మిషన్ ఖాయం అయినట్టు కాదు. అంటే పర్మిట్ వస్తుందో రాదో తెలియక ముందే పెద్ద మొత్తం కట్టాలి, ఇది స్టూడెంట్‌కి న్యాయం అనిపించకపోవచ్చు గానీ రూల్ అదే, అందుకే పర్మిట్ రాకపోతే ఫీజు వెనక్కిచ్చే పాలసీ ఆ యూనివర్సిటీకి ఉందా, ఎంత కోసుకుంటారు, ఎప్పటిలోపు అడగాలి అన్నది కట్టేముందే చదువుకోవాలి.

ఇక డబ్బు. ఎక్కువమంది భయపడేది దీనికే, ఎక్కువమంది అపార్థం చేసుకునేదీ దీన్నే. ఎంత చూపించాలి అన్న అంకె మీదే అందరి దృష్టి ఉంటుంది. జర్మనీలో 2024 సెప్టెంబర్ నుంచి నెలకి 992 యూరోలు, ఏడాదికి 11,904 యూరోలు, ఈ అంకె గాల్లోంచి వచ్చింది కాదు, అక్కడి విద్యార్థులకి ప్రభుత్వం ఇచ్చే బాఫోగ్ సాయం లెక్కతో ముడిపడి ఉంటుంది, అది పెరిగితే ఇదీ పెరుగుతుంది. ఫ్రాన్స్‌లో చాలాకాలంగా నెలకి 615 యూరోలు అడుగుతున్నారు, ఫిన్లండ్‌లో 800, స్పెయిన్‌లో ఐప్రెమ్ అనే ఒక ప్రభుత్వ సూచికలో నూరు శాతం, అది నెలకి 600 యూరోలు. ఈ అంకెలు చూసి ఫ్రాన్స్ చవక, జర్మనీ ఖరీదు అనుకోవడం తెలివితక్కువ, ఇవి ఇమిగ్రేషన్ వాళ్లు పెట్టిన కనీస గీతలు మాత్రమే, పారిస్‌లో 615 యూరోలకి గది అద్దెకే చాలకపోవచ్చు. పైగా ఇవి బతకడానికి అయ్యే ఖర్చు లెక్క, ట్యూషన్ ఫీజు దీనికి అదనం.

కానీ ఆఫీసర్ చూసేది అంకె ఒక్కటే కాదు, ఆ డబ్బు నిజంగా ఈ స్టూడెంట్ చేతికి అందుతుందా అన్నది. దీన్ని తేల్చడానికి ఒక్కో దేశం ఒక్కో పద్ధతి కనిపెట్టింది. జర్మనీ బ్లాక్డ్ అకౌంట్ పెట్టించింది, మొత్తం డబ్బు ముందే వేసేయాలి, అక్కడికి వెళ్లాక నెలకి ఇంత అని మాత్రమే విడుదలవుతుంది. వేరే దారులూ ఉన్నాయి, స్కాలర్‌షిప్ ఉంటే చూపించొచ్చు, జర్మనీలో ఉండే ఎవరైనా ఖర్చంతా భరిస్తానని అక్కడి ఆఫీసులో అధికారికంగా రాసివ్వొచ్చు, ఈ రాసివ్వడం ఊరికే ఉత్తరం కాదు, రేపు ఆ స్టూడెంట్ మీద ప్రభుత్వం ఖర్చు పెట్టాల్సి వస్తే రాసిచ్చినవాళ్ల దగ్గర వసూలు చేస్తారు. ఫిన్లండ్, స్వీడన్ లాంటి చోట్ల డబ్బు అప్లై చేసే మనిషి సొంత అకౌంట్‌లో, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉండాలి, నాన్న అకౌంట్‌లో ఎంత ఉన్నా, ఫలానా ఆస్తి ఉందని ఎన్ని కాగితాలు పెట్టినా అది లెక్కలోకి రాదు. ఇల్లు, పొలం, బంగారం వాల్యుయేషన్ రిపోర్టులు కట్టలు కట్టలు జతచేసేవాళ్లు ఇది గమనించరు, ఆఫీసర్ దృష్టిలో అమ్మితే తప్ప డబ్బు కానిది డబ్బు కాదు.

ఎడ్యుకేషన్ లోన్‌ది ఇంకో చిక్కు. బ్యాంక్ ఇచ్చే సాంక్షన్ లెటర్ కొన్ని దేశాలకి చాలు, కొన్నిటికి ఆ డబ్బు అకౌంట్‌లో పడి ఉండాలి, బ్యాంకేమో వీసా చూపిస్తే గానీ డబ్బు వదలనంటుంది, వీసా వాళ్లేమో డబ్బు చూపిస్తే గానీ వీసా ఇవ్వం అంటారు. ఈ ముడి విప్పడానికి లోన్ తీసుకునే రోజే బ్యాంక్‌తో మాట్లాడి, వీసాకి ముందే లివింగ్ ఎక్స్‌పెన్సెస్ భాగాన్ని విడుదల చేస్తారా అని రాతపూర్వకంగా తేల్చుకోవాలి, తర్వాత అడిగితే బ్రాంచ్‌లో ఎవరూ పట్టించుకోరు. లోన్ లేనివాళ్లకి వచ్చే చిక్కు వేరే, అప్లై చేసే వారం ముందు ఒక్కసారిగా పెద్ద మొత్తం పడిన స్టేట్‌మెంట్. అది దానంతట అది తప్పేం కాదు, స్థలం అమ్మి ఉండొచ్చు, ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి ఉండొచ్చు, కానీ ఆ డబ్బు ఎక్కడిది అన్న కాగితం పక్కన లేకపోతే చూసేవాళ్లకి ఎవరి దగ్గరో వారానికి అప్పు తెచ్చినట్టే కనపడుతుంది. ఇంకా చిన్న విషయం ఒకటి, అంకె యూరోల్లో ఉంటుంది కాబట్టి మారకం రేటు, మధ్యలో బ్యాంకులు కోసుకునే ఛార్జీలు పోను జర్మనీ బ్లాక్డ్ అకౌంట్‌కి సరిగ్గా 11,904 చేరాలి, అరవై యూరోలు తగ్గినా ఆ అకౌంట్ నడిపే ప్రొవైడర్ డబ్బు అందిందని కన్ఫర్మేషన్ ఇవ్వదు, మళ్లీ ఆ కాస్త పంపడానికి ఇంకో వారం.

సర్టిఫికెట్ల విషయంలో తేదీ కన్నా వరస ముఖ్యం. వేరే దేశంలో వాడే ప్రభుత్వ కాగితాలకి అవి అసలైనవేనని చెప్పే అపోస్టిల్ అనే ముద్ర అడుగుతుంటారు, ఇది 1961 హేగ్ ఒప్పందం నుంచి వచ్చింది, రెండు దేశాలూ ఆ ఒప్పందంలో ఉంటేనే చెల్లుతుంది, లేకపోతే ఎంబసీ ద్వారా లీగలైజేషన్ అనే పొడుగాటి దారి పట్టాలి. మామూలుగా చేసే తప్పు ఏంటంటే ముందు ట్రాన్స్‌లేషన్ చేయించి తర్వాత ఒరిజినల్‌కి అపోస్టిల్ వేయించడం, అప్పుడు అపోస్టిల్ మీద రాసింది ట్రాన్స్‌లేషన్‌లో ఉండదు, కొన్ని ఆఫీసులు ఇది చూసి వెనక్కి పంపేస్తాయి. ముందు అపోస్టిల్, తర్వాత ట్రాన్స్‌లేషన్, ట్రాన్స్‌లేటర్ కూడా ఆ దేశం గుర్తించినవాళ్లయి ఉండాలా అన్నది ముందే చూసుకోవాలి. పేర్లలో తేడాలు కూడా ఇక్కడే బయటపడతాయి, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి సర్టిఫికెట్‌లో ఇనీషియల్ మాత్రమే ఉండటం లాంటివి. ఒక చిన్న అఫిడవిట్‌తో పోయేదాన్ని వదిలేస్తే అదనపు కాగితాలు కావాలనే మెయిల్ వస్తుంది, పైన చెప్పిన గడియారం మళ్లీ ఆగుతుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా కాదనొచ్చా? దీనికి యూరోపియన్ యూనియన్ కోర్టు రెండుసార్లు జవాబిచ్చింది, రెండూ కలిపి చదివితేనే అసలు బొమ్మ తెలుస్తుంది. 2014 సెప్టెంబర్ 10న ఇచ్చిన తీర్పులో, జర్మనీకి చదువుకి రావాలనుకున్న ఒక ట్యునీషియా విద్యార్థి కేసులో, డైరెక్టివ్‌లో రాసిన షరతులన్నీ నెరవేర్చినవాళ్లని రానివ్వాల్సిందే, దేశాలు సొంతంగా కొత్త షరతులు కలపడానికి లేదు అంది. అప్పటికి అమల్లో ఉన్నది పాత 2004 డైరెక్టివ్. ఇది విద్యార్థుల వైపు గట్టి తీర్పు. తర్వాత 2016 డైరెక్టివ్‌లో, వేరే పని మీద వస్తున్నారనడానికి ఆధారాలు గానీ బలమైన కారణాలు గానీ ఉంటే కాదనొచ్చు అని ఒక నిబంధన పెట్టారు. 2024 జులై 29న బెల్జియం నుంచి వచ్చిన కేసులో కోర్టు, ఆ నిబంధనని దేశం తన చట్టంలోకి తెచ్చుకోకపోయినా సరే, చదవాలన్న ఉద్దేశం నిజంగా లేదని తేలితే కాదనొచ్చు అంది, చదువు ప్లాన్‌లో పొంతన లేకపోవడం కూడా దానికి ఒక ఆధారం కావచ్చంది. అయితే ఆ పొంతన లేకపోవడం స్పష్టంగా కొట్టొచ్చినట్టు కనపడాలి, ఆ మనిషి పరిస్థితులన్నీ చూసి తేల్చాలి అని కూడా కట్టడి పెట్టింది.

ఈ రెండో తీర్పు తర్వాత మోటివేషన్ లెటర్‌ని తేలిగ్గా తీసుకోవడం మంచిది కాదు. ఇంటర్నెట్‌లో దొరికే శాంపిల్‌లో యూనివర్సిటీ పేరు మార్చి పెట్టేస్తే, ఇంటర్వ్యూలో మొదటి సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టులున్నాయి అని అడిగినప్పుడు నోరు పెగలదు. మధ్యలో రెండేళ్లు ఖాళీ ఉంటే ఉండొచ్చు, ఉద్యోగం చేశారా, ఇంట్లో బాగోలేదా, పరీక్షలకి చదివారా, ఏదైనా సరే రెండు వాక్యాల్లో చెప్తే చాలు, దాచిపెడితేనే అనుమానం. మాస్టర్స్ ఉన్నవాళ్లు మళ్లీ బ్యాచిలర్స్‌కి వెళ్లడం, మెకానికల్ చదివి హోటల్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లడం లాంటివి నిషిద్ధం కాదు గానీ ఎందుకు అన్నది వాళ్లే చెప్పాలి, ఆఫీసర్ ఊహించుకునే పని పెట్టకూడదు. తిరిగి వస్తానని ఒట్టేసినట్టు రాయడం మాత్రం అనవసరం, చదివాక ఉద్యోగం వెతుక్కోవడానికి కనీసం తొమ్మిది నెలలు ఉండనివ్వాలని అదే డైరెక్టివ్‌లో ఉంది, జర్మనీ అయితే 18 నెలలిస్తుంది. వాళ్లే రమ్మని దారి వేసి పెట్టాక ఆ దారి తెలియనట్టు నటించడం వల్ల ఒరిగేదేం లేదు.

దిగాక మొదలయ్యే భాగం రెండు మెట్ల దేశాల్లో కష్టం. ఇటలీలో దిగిన ఎనిమిది పని రోజుల్లోపు పోస్టాఫీస్‌లో అప్లికేషన్ ఫారాల కిట్ తీసుకుని నింపి పర్మిట్‌కి అప్లై చెయ్యాలి, వాళ్లిచ్చే రసీదు మీదే పోలీస్ ఆఫీస్ అపాయింట్‌మెంట్ తేదీ ఉంటుంది, అక్కడ వేలిముద్రలిచ్చాక కార్డు కోసం ఎదురుచూపు. స్పెయిన్‌లో ఆరు నెలలకి మించి ఉండేవాళ్లు నెలలోపు ఫారినర్ కార్డుకి అప్లై చెయ్యాలి. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అడ్రస్ రిజిస్ట్రేషన్, దానికి ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి, ఆ రిజిస్ట్రేషన్ ఉంటేనే ఫారినర్స్ ఆఫీస్‌లో ఫైల్ కదులుతుంది. ఇక్కడే పెద్ద చక్రం తిరుగుతుంది, యూనివర్సిటీలో ఎన్‌రోల్ అవ్వాలంటే హెల్త్ ఇన్సూరెన్స్ కావాలి, పర్మిట్‌కి ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ కావాలి, బ్లాక్డ్ అకౌంట్‌లోంచి డబ్బు రావాలంటే అక్కడ మామూలు బ్యాంక్ అకౌంట్ కావాలి, బ్యాంక్ అకౌంట్‌కి అడ్రస్ అడుగుతారు, అడ్రస్ కావాలంటే ఇల్లు, ఇంటికి అడ్వాన్స్, అడ్వాన్స్‌కి డబ్బు. ఈ చక్రం మొదటి నెల ఖర్చు విడిగా చేతిలో ఉన్నవాళ్లకి ఇబ్బందే, లేనివాళ్లకి నరకం. కొన్నాళ్ల కోసం హాస్టల్‌లో దిగేవాళ్లు, తెలిసినవాళ్ల గదిలో సర్దుకునేవాళ్లు అక్కడ రిజిస్ట్రేషన్ చేసుకోనిస్తారా అని ముందే అడగాలి, చాలాచోట్ల చేసుకోనివ్వరు. ఇన్సూరెన్స్‌లో కూడా ఒక సందు ఉంటుంది, స్టూడెంట్ ఇన్సూరెన్స్ సెమిస్టర్ మొదలైన రోజు నుంచి పనిచేస్తుంది, దిగిన రోజు నుంచి అప్పటిదాకా ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరే ఉండాలి. 30 దాటినవాళ్లకి జర్మనీలో స్టూడెంట్ రేటు మీద పబ్లిక్ ఇన్సూరెన్స్ మామూలుగా దొరకదు, వాళ్లు ఖర్చు లెక్క వేరేగా వేసుకోవాలి.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు వీసా అయిపోతే? జర్మన్ చట్టంలో దీనికి మంచి ఏర్పాటు ఉంది, ఉన్న నేషనల్ వీసా గానీ పర్మిట్ గానీ అయిపోకముందే అప్లై చేస్తే నిర్ణయం వచ్చేదాకా పాతదే కొనసాగుతున్నట్టు లెక్క, దానికి రుజువుగా ఒక తాత్కాలిక కాగితం ఇస్తారు. ముఖ్యమైంది అపాయింట్‌మెంట్ తేదీ కాదు, అప్లికేషన్ అందిన తేదీ, కాబట్టి స్లాట్ లేదని ఊరుకోకుండా ఆన్‌లైన్‌లోనో మెయిల్‌లోనో అప్లికేషన్ పెట్టి, పెట్టినట్టు రుజువు దాచుకోవాలి. ఈ కాగితంలో కూడా రకాలున్నాయి, పాత పర్మిట్ కొనసాగుతున్నట్టు టిక్కు ఉన్నదైతే బయటికెళ్లి తిరిగి రావచ్చు, అమెరికా, జపాన్, దక్షిణ కొరియా లాంటి దేశాల నుంచి వీసా లేకుండా దిగి మొదటిసారి అప్లై చేసినవాళ్లకి వచ్చేది అలాంటిది కాదు, ఉండనిస్తుంది గానీ మళ్లీ లోపలికి రావడానికి పనికిరాదు. సెలవుల్లో ఇంటికెళ్లే టికెట్ కొనేముందు ఆ కాగితం మీద ఏ గడిలో టిక్కు ఉందో చూసుకోవడం మేలు.

పర్మిట్ ఎంతకాలానికి అన్నదీ దేశాన్ని బట్టే. ఫిన్లండ్‌లో 2022 నుంచి డిగ్రీ మొత్తం కాలానికి ఒకేసారి ఇస్తున్నారు, జర్మనీలో మామూలుగా రెండేళ్లు, చాలాచోట్ల ఏడాదికోసారి పొడిగించుకోవాలి. ఎక్కడైనా పాస్‌పోర్ట్ గడువు దాటి పర్మిట్ ఇవ్వడం అరుదు, అందుకే ఏడాదిన్నరలో అయిపోయే పాస్‌పోర్ట్‌తో అప్లై చెయ్యడం కన్నా ముందే కొత్తది తీసుకోవడం నయం, పర్మిట్‌కి మళ్లీ ఫీజు కట్టే పని తప్పుతుంది. పొడిగింపులో కొత్తగా వచ్చి చేరేది చదువు. నెదర్లాండ్స్‌లో ఏడాదికి రావాల్సిన క్రెడిట్లలో కనీసం సగం రాకపోతే, తగిన కారణం లేకపోతే, యూనివర్సిటీయే ఇమిగ్రేషన్‌కి చెప్పేస్తుంది. ఇటలీలో మొదటి ఏడాది కనీసం ఒక పరీక్ష, తర్వాత ఏడాదికి రెండు పాసయి ఉండాలి. జర్మనీలో అంకె పెట్టలేదు, సరైన కాలంలో పూర్తి చేసే అవకాశం ఉందా అని చూస్తారు. పార్ట్‌టైమ్ పనికీ దీనికీ సంబంధం ఇక్కడే, జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు, ఫ్రాన్స్‌లో 964 గంటలు, ఇటలీలో వారానికి 20 గంటలు, ఫిన్లండ్‌లో సగటున వారానికి 30 గంటలు, నెదర్లాండ్స్‌లో 16, ఈ పరిమితుల్లోపే చేసినా పరీక్షలు పోతే పర్మిట్ పోతుంది. అక్కడికెళ్లాక సంపాదించుకుంటాం అన్న లెక్క మొదటి అప్లికేషన్‌లో చెల్లదు కూడా.

కాదని వస్తే, కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, ఎక్కడ ఎప్పటిలోపు అప్పీల్ చేసుకోవచ్చో చెప్పాలి, ఇది డైరెక్టివ్ ఇచ్చిన హక్కు. జర్మనీ వీసా విషయంలో ఇంతకుముందు ఎంబసీకే మళ్లీ ఉచితంగా విన్నవించుకునే పద్ధతి ఉండేది, 2025 జులై 1 నుంచి దాన్ని ఎత్తేశారు, ఇప్పుడు బెర్లిన్ అడ్మినిస్ట్రేటివ్ కోర్టులో కేసు వెయ్యడం ఒకటి, మళ్లీ కొత్తగా అప్లై చెయ్యడం ఇంకోటి. కోర్టుకి నెల గడువు, కానీ అక్కడ తేలేసరికి ఆ సెమిస్టర్ ఉండకపోవచ్చు, అందుకే కారణం సరిదిద్దగలిగేదైతే కొత్త అప్లికేషనే త్వరగా తెములుతుంది, కారణమే తప్పు అనిపిస్తే లాయర్ సాయంతో కోర్టుకి వెళ్లడంలో అర్థం ఉంది. అవే కాగితాలు అలాగే మళ్లీ పెడితే అదే జవాబు వస్తుంది. కొత్తగా పెట్టేముందు అడ్మిషన్‌ని తర్వాతి సెమిస్టర్‌కి మార్చడానికి యూనివర్సిటీ ఒప్పుకుంటుందా, మళ్లీ అప్లై చెయ్యమంటుందా అన్నది కనుక్కోవాలి, ఇన్సూరెన్స్ తేదీలు మార్పించుకోవాలి, స్టేట్‌మెంట్ కొత్తది తీయాలి. బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన డబ్బు రిజెక్షన్ లెటర్ చూపిస్తే వెనక్కిస్తారు, అయితే ఒకట్రెండు నెలల్లో మళ్లీ అప్లై చేసే ఉద్దేశం ఉంటే దాన్ని కదపకుండా అలా ఉంచేయడమే మంచిది, వెనక్కి తెప్పించి మళ్లీ పంపితే మారకంలో రెండుసార్లు పోతుంది, కన్ఫర్మేషన్ కోసం మళ్లీ మొదటినుంచి ఆగాలి.